చిన్న మార్పే వదినా

పార్సిల్ కంపెనీలో చేరిన కొత్తల్లో ఆమెను అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఆ మర్యాద చాలా ఏళ్ళే నడిచింది. మరిది వచ్చి చేరాక పోయింది. అతను మొదటిరోజే మెడలో కొత్త ఐడీ కార్డు వేలాడేసుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేలా "వదినా, మంచినీళ్ళెక్కడ?" అన్నాడు. అంతే. వారం తిరిగేసరికి పక్క సీటు అమ్మాయి వదినా అంది. నెల తిరిగేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను "గుడ్ మార్నింగ్ వదినగారూ" అన్నాడు. చివరికి ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడైన మేనేజరు కూడా ఒక మీటింగులో నోరుజారి "ఆ సంగతి వదినగారు చూసుకుంటారు" అన్నాడు. మొదటిసారి నాలిక కరుచుకున్నాడు. తర్వాత అదీ మానేశాడు.

ఇంటికొచ్చి భర్తతో చెప్పుకుంది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఎవరి గొడవలోనూ తలదూర్చని మనిషి.

"మర్యాదగానే పిలుస్తున్నారుగా" అన్నాడు మాస్టారు పేపర్లు దిద్దుతూ.

"అది మర్యాద కాదండీ, చనువు. మేడమ్ దగ్గరికైతే మెయిల్ పెట్టి వస్తారు. వదిన దగ్గరికి ఊరికే వచ్చేస్తారు."

మాస్టారు ఎర్ర పెన్ను మూత పెట్టి కాసేపు ఆలోచించి, మళ్ళీ మూత తీసి దిద్దుకోసాగాడు.

మరిదికి ఆ ఉద్యోగం వేయించింది తనే. అంతకుముందు అతను చేసిన కంపెనీ మూతపడితే, అత్తయ్య పొద్దున లేచింది మొదలు "మీ ఆఫీసులో వాడికో కుర్చీ దొరకదా అమ్మాయ్" అని నస పెట్టేది. ఇల్లు రెండు వాటాలు. పైన వదినా మాస్టారూ అత్తయ్యా, కింద మరిదీ తోటికోడలూ. పై వాటాలో అత్తయ్య నస ఆగితే కింది వాటాలోంచి మరిది నిట్టూర్పు వినిపించేది. భరించలేక వదిన మేనేజరుతో ఒక మాట చెప్పింది. మరిది తెలివైనవాడే, పని తెలిసినవాడే. కాదనడానికి లేదు. ఉన్న చిక్కల్లా ఏదైనా ఒకచోట చేసి పెట్టాక దాన్ని అలా వదిలేయలేడు. రోజూ ఏదో ఒకటి సవరిస్తూనే ఉండాలి. అడిగితే "చిన్న మార్పే వదినా" అంటాడు.

వదిన చూసేది సర్వరు. కంపెనీకి ఊరూరా కౌంటర్లున్నాయి. ఏ కౌంటర్లో కూర్చున్న మనిషైనా పార్సిల్ తూకం వేసినా, లేబుల్ తీసినా, ఆ పని జరిగేది హెడ్డాఫీసు సర్వర్లోనే. ఆ సర్వరు ఒకే బండరాయి కాదు. తూకానిది ఒక ముక్క, చార్జీది ఒక ముక్క, లేబుల్‌ది ఒకటి, "మీ పార్సిల్ వచ్చింది" అని కస్టమర్ల ఫోన్లకు కబురు పంపేది ఇంకొకటి. కంప్యూటర్ వాళ్ళు వాటిని ప్లగిన్లంటారు. ఆఫీసులో అందరూ ముక్కలనే అంటారు. ఒక్కో ముక్కను ఒక్కో విభాగం రాస్తుంది. వాటన్నిటినీ తెచ్చి సర్వరుకు తగిలించడం, అవి ఒకదాన్నొకటి కరుచుకోకుండా చూడటం వదిన పని.

పాత పద్ధతిలో కొత్త ముక్క తగిలించాలంటే సర్వరు మొత్తం ఆపాలి. ఆపితే కౌంటర్లన్నీ ఆగిపోతాయి. అందుకని అది ఆదివారం పొద్దున్నే, కౌంటర్లు తెరవకముందు చేసేవారు. చేసేవారంటే చేసేది. ఇంకెవరూ వచ్చేవారు కాదు. మాస్టారు దుప్పటి ముసుగులో ఉండగానే వదిన బయల్దేరి వెళ్ళి, ఖాళీ హాల్లో లైటు తనే వేసుకుని, సర్వరు ఆపి, ముక్కలు మార్చి, మళ్ళీ లేపి, అన్నీ సరిగ్గా లేచాయో లేదో ఒక్కొక్కటే చూసుకుని వచ్చేది. విభాగాల వాళ్ళకు అదీ నచ్చేది కాదు. గురువారంలోగా ముక్క ఇవ్వాలని ఆమె పెట్టిన నియమం వాళ్ళకు గొంతు మీద కత్తిలా ఉండేది.

"ఒక్క పదం మార్చడానికి ఆదివారం దాకా కాచుకోవాలా వదినా?" అనేవాడు మరిది. అతనికి అప్పగించింది కబుర్ల ముక్క. అందులో ఉండేవే పదాలు.

"కాచుకో. పదం ఎక్కడికీ పారిపోదు."

ఇలా ఉండగా మేనేజరు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చాడు. సదస్సులకు వెళ్ళొచ్చినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతుంది, హాల్లో వాళ్ళ మొహాలు మాడిపోతాయి. ఈసారి ఆయన తెచ్చిన కబురేమిటంటే, పెద్ద కంపెనీలేవీ ముక్క మార్చడానికి సర్వర్లు ఆపడం లేదట. నడుస్తున్న సర్వర్లోకే కొత్త ముక్క ఎక్కించేస్తున్నారట, పాతది దింపేస్తున్నారట, కౌంటర్లో కూర్చున్న మనిషికి తెలియను కూడా తెలియదట.

"ఎక్కించడం పెద్ద పని కాదు సార్" అంది వదిన. "దింపడమే కష్టం."

"అదే, అదే. రెండూ చేసేద్దాం" అన్నాడు మేనేజరు.

ఆమె చాలా రోజులు వాదించింది. గోడకు చెప్పినా ఆ గోడ కాస్త బీటలు వారేదేమో. చివరికి ఒప్పుకోవడానికి కారణం మేనేజరు కాదు. ఒక ఆదివారం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్యా మాస్టారూ కింది వాటా వాళ్ళూ అందరూ కలిసి టిఫిను ముగించి, ఏదో జోకుకు ఇంకా నవ్వుతున్నారు. ఏం జోకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. చల్లారిన టిఫిను తింటూ, ఈ ఆదివారాల పీడ వదిలితే చాలు అనుకుంది.

పని మొదలుపెడితే మాత్రం ఆమె సగం సగం చేసే మనిషి కాదు. ముక్కల్ని ఎక్కించి దింపే ప్రోగ్రాము ఒకటి, లోడరని పేరు పెట్టి, శ్రద్ధగా రాసింది. ఒక ఫోల్డర్లో కొత్త ముక్క పెడితే సర్వరు అదే చూసుకుని ఎక్కించుకుంటుంది. అదే పేరుతో పాతది ఉంటే "ఇక నువ్వు వెళ్ళొచ్చు" అని దానికి చెబుతుంది. అక్కడే ఒక షరతు పెట్టింది. వెళ్ళమన్నప్పుడు ప్రతి ముక్కా తను మొదలుపెట్టిన పనులు తనే ఆపుకుని, పట్టుకున్నవన్నీ వదిలేసి పోవాలి. సర్వరు మెడపట్టి గెంటలేదు. ముక్కలోని ఏ పని ఇంకా నడుస్తున్నా, ఆ పని పట్టుకుని ముక్క మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది. ఈ సంగతంతా బొమ్మలు వేసి మరీ రాసి అందరికీ పంపింది. అందరూ "థాంక్స్ వదినా" అని జవాబిచ్చారు. బొమ్మలతో సహా ఒక్కరూ చదవలేదని తర్వాత తెలిసింది.

మొదట్లో పండగే. విభాగాల వాళ్ళకు పగ్గాలు తెగినట్టయింది. పొద్దున్న ఒక మార్పు, మధ్యాహ్నం దానికి సవరణ, సాయంత్రం ఆ సవరణకు సవరణ. కౌంటర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్లు విభాగాలకు పోవాలి కదా, పోవు. అందరి దగ్గరా ఉన్న నంబరు వదినదే.

"వదినగారూ, ఇందాక తెర మీద బరువు రాసే గడి పైన ఉంది. నేను అవతల మనిషికి చిల్లరిచ్చి తిరిగేసరికి కింద ఉంది. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నా."

ఇలా మాట్లాడింది ప్రధాన కౌంటర్లో పనిచేసే పెద్దావిడ. గొంతు నెమ్మది, మాట సూది. మార్పులు రోజూ ఉండేసరికి ఆవిడ రోజూ ఫోన్ చేసేది. ఆదివారాలు మిగిలాయి కానీ మిగతా రోజులన్నీ ఆదివారపు పనితోనే నిండిపోయాయి. ఇదివరకు ఒక్కపూట పడిన పాటు ఇప్పుడు వారమంతా పరిచి పెట్టినట్టయింది.

తర్వాత సర్వరు పడిపోవడం మొదలైంది. ఉన్నట్టుండి నెమ్మదించేది, ఆయాసపడేది, మధ్యాహ్నం రద్దీ వేళ మెమరీ చాలక కుప్పకూలేది. కౌంటర్లన్నిటిలో తెర తెల్లబోయేది. వదిన పరుగున వెళ్ళి మళ్ళీ లేపేది. లేపాక కొన్నాళ్ళు గుర్రంలా నడిచేది. నడుస్తోంది కదా అని అందరూ మర్చిపోయేవారు. మళ్ళీ పడేది.

మీటింగు పెట్టారు. మేనేజరు బల్లమీద రెండు చేతులూ ఆనించి, "ఇదివరకు ఇలా పడేది కాదు. కొత్తగా వచ్చింది మీ లోడరొక్కటే కదా?" అన్నాడు.

మా లోడరు ఎప్పుడైంది, అడిగింది మీరు కదా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఎదురుగా మరిది ఉన్నాడు. ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను గంభీరంగా తలాడించి, "పాత ముక్క దింపాల్సింది లోడరే కదా వదినా. మేమైతే ఫోల్డర్లోంచి తీసేస్తున్నాం" అన్నాడు. వదినకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో అయితే ఇంకోలా ఉండేది. అది ఆఫీసు.

ఆ పూట రోజూలా మరిది కారులో ఇంటికి రాలేదు. బస్సెక్కింది. బస్సులో సీటు దొరకలేదు, పైగా ఎవరో గొడుగు మడతపెట్టకుండా ఆమె భుజానికి ఆనించి నిలబడ్డారు. అయినా అదే నయమనిపించింది.

అసలు సంగతి బయటపడింది ఆఫీసులో కాదు. ఒక పొద్దున్న వదిన హడావుడిగా బయల్దేరుతుంటే అత్తయ్య ఫోను పట్టుకుని వచ్చింది. ఆవిడ మోకాలికి పట్టీ తెప్పించుకుంది, వదిన వాళ్ళ కంపెనీ పార్సిల్లోనే వచ్చింది.

"అమ్మాయ్, మీ వాళ్ళు మనుషుల్ని ఇలా మోసం చేస్తారనుకోలేదు. ఇన్ని పార్సిళ్ళు వచ్చాయని మెసేజీలిచ్చి, వెళితే ఒక్కటే చేతిలో పెట్టారు. మోకాళ్ళు రెండు కదా, కనీసం రెండు పంపించారేమో అనుకున్నా. కౌంటర్లో ఆవిడతో పెద్ద గొడవైంది."

"ఎవరితో గొడవ?"

"ఎవరో పెద్దావిడ. గొంతు తగ్గించే మాట్లాడింది కానీ, అబ్బో."

వదిన ఫోను అందుకుంది. ఒకే నంబరు నుంచి వరసగా మెసేజీలు. మీ పార్సిల్ వచ్చింది. మీ పార్సిల్ వచ్చేసింది. మీ పార్సిల్ మా శాఖకు చేరుకున్నది. మీ పార్సిల్ చేరింది, వచ్చి తీసుకోగలరు. మీ పార్సిల్ చేరింది, దయచేసి వచ్చి తీసుకోగలరు. మీ ఎదురుచూపులు ఫలించాయి, మీ పార్సిల్ వచ్చేసింది.

చెప్పులు వేసుకోబోతున్నది కాస్తా అక్కడే మెట్టుమీద కూర్చుండిపోయింది. అందులో ప్రతి వాక్యమూ ఆమెకు తెలుసు. "వచ్చింది అంటే పొడిగా ఉంది వదినా, వచ్చేసింది అంటే బావుంటుంది" అని కారులో చెప్పింది మరిది. "చేరుకున్నది" మేనేజరు ముచ్చట. "దయచేసి" కోసం ఒక మధ్యాహ్నమంతా చర్చ జరిగింది. ఎదురుచూపులు ఫలించడం కిందటి వారం సంగతి. అతను మార్చిన ప్రతిసారీ కొత్త ముక్క ఎక్కింది గానీ పాతది దిగలేదు. అన్నీ లోపలే కూర్చుని, దేని వాక్యం అది పట్టుకుని, దేని లెక్కన అది పార్సిళ్ళు చూసుకుంటూ కస్టమర్లకు కబుర్లు పంపుతున్నాయి.

"ఏమైంది అమ్మాయ్, అలా అయిపోయావు?"

"ఏం లేదత్తయ్యా. మీ చిన్నబ్బాయి రాసిన మెసేజీలివన్నీ. ఒకటి చాలదని అన్నీ పంపించాడు."

అత్తయ్య గొంతు వెంటనే మారిపోయింది. "వాడా? పోనీలే పాపం. చిన్నవాడు. నేర్చుకుంటాడు."

చిన్నవాడికి నడినెత్తిన జుట్టు రాలిపోయి చాలాకాలమైంది. వదిన చెప్పులు వేసుకుంది.

ఆఫీసుకు వెళ్ళగానే సర్వరు మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా దింపుకుని వెతికింది. అనుకున్నట్టే కబుర్ల ముక్కలు అందులో గుంపుగా ఉన్నాయి. ప్రతిదానిలోనూ ఒక చిన్న పని ఆగకుండా తిరుగుతోంది, కొత్త పార్సిళ్ళేమైనా వచ్చాయా అని కాసేపటికోసారి తొంగిచూసే పని. దాన్ని మొదలుపెట్టింది మరిది. ఆపమని ఎక్కడా రాయలేదు. సర్వరు పడి లేచినప్పుడల్లా పాతవన్నీ పోయేవి కాబట్టి ఇంతకాలం ఎవరికీ తెలియలేదు.

ఇంతలో పెద్దావిడ ఫోను.

"వదినగారూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. ఇన్నేళ్ళలో నన్ను దొంగ అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు రోజూ అంటున్నారు. నిన్నయితే ఒకావిడ మోకాలి పట్టీ ఇంకోటి ఎక్కడ దాచావని సొరుగు తీసి చూపించమంది."

ఆవిడ ఎవరో చెప్పడానికి వదినకు నోరు రాలేదు. "ఈ రోజుతో ఆగిపోతుందమ్మా, నాదీ పూచీ" అంది.

మరిది దగ్గరికి వెళ్ళి, మెసేజీలు చూపించి, మెమరీలో గుంపు చూపించింది.

"కానీ వదినా, నేను పాతది తీసేశాను కదా. ఫోల్డర్లో లేదు చూడు."

"ఫోల్డర్లోంచి తీస్తే సర్వర్లోంచి పోదు. నువ్వు మొదలుపెట్టిన పని నువ్వే ఆపాలి. అది రాసి పంపానుగా."

"ఎప్పుడు?"

"బొమ్మలేసి పంపాను. థాంక్స్ వదినా అన్నావు."

"అవునా" అన్నాడు, మెయిళ్ళలో వెతుకుతున్నట్టు మౌసు కదుపుతూ. తర్వాత మెల్లగా, "అందరిముందూ చెబుతావా?" అన్నాడు. వదినకు చెప్పాలనే ఉంది. ఆ మీటింగులో అతను తలాడించిన తీరు కళ్ళముందే ఉంది.

చెప్పలేదు. దానికి బదులు సర్వరు ఒకసారి ఆపి లేపి పాత ముక్కల్ని వదిలించి, లోడరుకు ఒక పరీక్ష కలిపింది. ఇకమీద ఏ ముక్కా నేరుగా సర్వరుకు ఎక్కదు. ముందు పక్కన ఒక పరీక్ష సర్వర్లో ఎక్కిస్తుంది, కాసేపు నడిపిస్తుంది, దింపుతుంది, నిజంగా పోయిందా లేదా మెమరీలో చూస్తుంది. పోతేనే ప్రవేశం. పోకపోతే తిప్పి పంపుతుంది. వారం తిరక్కుండానే అందరి ముక్కలూ వెనక్కి వెళ్ళాయి. కబుర్లదే కాదు, తూకానిది, చార్జీది, లేబుల్‌ది, అన్నీ. వదినకు లోలోపల తృప్తిగానే ఉంది. తను మొదటినుంచీ అనుకుంటున్నదే, ఒక్కరికీ శ్రద్ధ లేదని. విభాగాల వాళ్ళు గుంపులుగా వచ్చారు, గొణిగారు, దిద్దుకున్నారు, మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ వెనక్కే వెళ్ళాయి. "సరిగ్గా దిద్దలేదు, ఇంకోసారి చూసుకోండి" అనేది.

మరిది మాత్రం కుర్చీలోంచి కదలకుండా దిద్దాడు. ఆ పని ఆపే వరసలు రాశాడు, తెరిచినవన్నీ మూశాడు. వెనక్కి వచ్చింది. ఇంకా వెతికి దిద్దాడు. మళ్ళీ వచ్చింది. ఇంట్లో సాయంత్రం టీకి పైకి రావడం మానేశాడు. అత్తయ్య టీ కప్పు పట్టుకుని మోకాలి పట్టీతో మెట్లు దిగి ఇచ్చి వచ్చి, వదిన వినేలా "ఒకే ఇంట్లో ఉంటూ ఈ పంతాలేమిటో" అనేది. తోటికోడలు ఒక్కతే వదిన పక్షం. "మీరు తగ్గకండి అక్కా. ఈయన బట్టల అలమర సర్దడం మొదలుపెట్టి నెలైంది. సగం బట్టలు ఇంకా మంచం మీదే ఉన్నాయి" అంది.

మాస్టారు ఒకరోజు అడగనే అడిగాడు. "అందరూ తప్పేనా? నా క్లాసులో పిల్లలందరికీ ఒకే లెక్క తప్పొస్తే ప్రశ్నలో ఏమైనా తేడా ఉందేమోనని ఒకసారి చూసుకుంటాను."

"అది స్కూలండీ" అంది వదిన విసుగ్గా.

ఆ మర్నాడు మరిది ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత. పక్కన కుర్చీ లాక్కుని కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"ఒక ముక్క పెట్టాను వదినా. పరీక్షకు పంపాను. వెనక్కి వచ్చింది."

"అయితే దిద్దు."

"దిద్దడానికి అందులో ఏమీ లేదు. ఖాళీ ముక్క. పేరొక్కటే ఉంది. లోపల ఒక్క వరస లేదు. అదీ పోవట్లేదట."

వదిన అతని మొహంలోకి చూసింది. వెక్కిరింత ఏమీ లేదు, అలసట ఉంది. ఆ ఖాళీ ముక్క తనే ఎక్కించింది, దింపింది, చూసింది. పోలేదు. లోపల ఏమీ లేని ముక్క ఏ పని పట్టుకుని ఆగుతుంది? మెమరీ ఫైలు దింపుకుని, ఆ ఖాళీ ముక్కను పట్టుకున్నదెవరో వెనక్కి లాక్కుంటూ పోయింది. ఆ దారి తిన్నగా వచ్చి ఆమె లోడర్లోనే ఆగింది.

ఇప్పటిదాకా ఏయే ముక్కలు ఎప్పుడు ఎక్కాయో చూపించే పేజీ ఒకటి ఆమె సరదాపడి చేసుకుంది. మేనేజరు చూసి మెచ్చుకున్న పేజీ. అందులో పాత ముక్కల పేర్లు మాత్రం రాసుకుంటే సరిపోయేది. ఆమె ముక్కలనే పట్టుకుని పెట్టింది. వెళ్ళమని చెప్పేది తనే, కొంగు పట్టుకుని ఆపుతున్నదీ తనే. మరిది వదిలేసిన పని నిజంగానే తప్పు, ఆ మెసేజీలన్నీ దానివల్లే. కానీ అతను దాన్ని ఎప్పుడో దిద్దేశాడు. ఆ తర్వాత ఈ మనిషినీ, హాల్లో సగం మందినీ, లేని తప్పు వెతకమని తను వేధించింది.

తల పట్టుకుని కూర్చుంది. కోపం రావడానికి ఎదురుగా ఎవరూ మిగల్లేదు. మాస్టారి మాట గుర్తొచ్చింది, అదింకా చిరాకు పెట్టింది.

"నాదే" అంది చివరికి. "ఆ పేజీ."

మరిది వంగి తెర చూశాడు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని పెదాలు కదలడం చూసి, ఏదో ఒకటి అంటాడని ఆమె సిద్ధపడింది. అన్నాడు కూడా.

"ఏం ఫర్వాలేదు. చిన్న మార్పే వదినా."

కొట్టాలనిపించింది. నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకుని ఆ వరస దిద్దింది. ఖాళీ ముక్క పోయింది. కబుర్ల ముక్క పోయింది. తూకానిది పోలేదు, అది మాత్రం నిజంగా వాళ్ళ తప్పే.

మీటింగులో ఆమె రెండూ చెప్పింది, కబుర్ల ముక్కలో తప్పూ, తన పేజీలో తప్పూ. ఎవరి పేరూ ఎత్తలేదు, తన పేరు తప్ప. మరిది తనంతట తనే "మొదటిది నాది సార్" అన్నాడు. మేనేజరు ఇద్దరి మాటలూ విని, "సరే, మొత్తానికి ఇప్పుడు ఆపకుండా ఎక్కించొచ్చు కదా?" అన్నాడు. ఆయనకు కావలసింది అంతవరకే. తర్వాత కస్టమర్లకు క్షమాపణ మెసేజీ పంపాలని నిర్ణయమైంది. దాని మాటల మీద మధ్యాహ్నం దాకా తర్జనభర్జన జరిగింది. "చింతిస్తున్నాము" అనాలా "మన్నించండి" అనాలా అని. వదిన ఏదో ఒకటి అనండి, ఒకటే పంపండి అని లేచి వచ్చేసింది. ప్రధాన కౌంటర్ పెద్దావిడ దగ్గరికి మాత్రం స్వయంగా వెళ్ళింది. అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరు పెద్దవాళ్ళూ మొదట ముభావంగా ఉన్నారు గానీ, మాట మోకాళ్ళ నొప్పుల మీదికి మళ్ళాక వదిన సంగతి పూర్తిగా మర్చిపోయారు.

ముక్కలు ఎక్కించడానికి వారంలో రెండు పొద్దుటి పూటలు కేటాయించారు, అదీ పరీక్ష నెగ్గితేనే. విభాగాల వాళ్ళు ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నారు. కౌంటర్ల నుంచి ఫోన్లు తగ్గాయి, ఆగలేదు.

కొన్నాళ్ళకు మేనేజరు మళ్ళీ సదస్సుకు వెళ్ళాడు, ఈసారి మాట్లాడటానికి. సర్వరు ఆపకుండా ముక్కలు మార్చడం అనే విషయం మీద. స్లైడ్లు చేసి పెట్టమని వదినను అడిగాడు, వెంట కూడా రమ్మన్నాడు. ఆమె చేసింది. ఎక్కించడం గురించి కావలసినన్ని చేసి, దింపడం గురించి ఒకటి చేసింది. బొమ్మలు వేసి, ఖాళీ ముక్క కథ కూడా అందులో రాసి, దానిమీద మిగతా అన్నిటికంటే ఎక్కువ పాటు పడింది. వేదిక మీద మేనేజరు బాగానే మాట్లాడాడు. ఆ స్లైడు వచ్చేసరికి గడియారం చూసుకుని, "సమయం లేదు, ఇది చిన్న విషయమే" అని దాటేశాడు. వెనక వరసలో వదిన కళ్ళు మూసుకుంది.

అంతా లేచి కాఫీలకు పోతుంటే ఒకావిడ ఎదురొచ్చి ఆమె కుర్చీ దగ్గర ఆగింది. ఏదో ఆసుపత్రిలో సర్వరు చూసుకుంటుందట. చేతిలో కాగితం కప్పు, కళ్ళ కింద నల్లటి చారలు.

"ఆ దాటేసిన స్లైడు మీరు చేసిందేనని మీ మేనేజరు చెప్పారు, నిజమేనా?" అంది.

"అవునండీ."

"నేను దానికోసమే వచ్చాను. ఎక్కించడం ఎలాగో అందరూ చెబుతారు. మా దగ్గర దిగిపోవాల్సినవి దిగట్లేదు. తప్పు నాదని అందరూ అంటున్నారు, నేనేమో వాళ్ళదంటున్నాను. ఎవరిదో తెలియట్లేదు."

వదిన పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టింది. "కూర్చోండి" అంది. "ముందు లోపల ఏమీ లేని ముక్క ఒకటి రాసి ఎక్కించి చూడండి. అది మా మరిది కనిపెట్టాడు." ఆవిడ కూర్చుంది. వదిన ల్యాప్‌టాప్ తెరిచి ఆ స్లైడు తీసింది. మేనేజరు దూరం నుంచి కాఫీకి రమ్మని చెయ్యూపుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.